వియ్యపురాలి చేతిలో నిమ్మచెక్క

నా చిన్నప్పుడు, మా అక్క పెళ్లిలో, వియ్యపురాలిని ఆటపట్టించే పాట ఎత్తుకునే పని నాకు అప్పగించారు. నా నోరు పెద్దదని ఊరందరికీ తెలుసు. రాగం సంగతి ఎవరూ అడగలేదు.

మాది గుణుపురం దగ్గర పల్లె. మావైపు మగపెళ్లివారు భోజనాల బంతిలో కూర్చోగానే ఆడపెళ్లివారి ఆడవాళ్లు పాట అందుకోవాలి, అవతలివాళ్లు జవాబు పాడాలి. తడబడితే చిన్నతనం. అందుకని, గంపెడు గారెలు మింగే లావుపాటి వియ్యపురాలి మీద మా మేనత్త దగ్గర ఒక పాట నేర్చుకుని, పెరట్లో మేకలకు వినిపిస్తూ కంఠతా పట్టాను. మేకలు మేత మానలేదు గనుక బాగానే ఉందనుకున్నాను.

తీరా చూస్తే, పొట్టంగి కొండల మీంచి దిగివచ్చిన వియ్యపురాలు కందిపుల్లలా ఉంది. మొహం ముడుచుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. సంబంధం నచ్చలేదేమోనని మావాళ్లు గుసగుసలాడారు. లోపలి గది కిటికీలోంచి ఆ మొహం చూసి మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.

వడ్డన మొదలైంది. నేను లేచి "గంపెడు గారెలు" అన్నాను. ఆవిడ విస్తట్లో ఉన్నది ఒక్క గారె, అదీ కొరకనిది. కంఠతా పట్టిన పాట కంఠంలోనే ఉండిపోయింది.

"ఏటమ్మీ, నీ పాట ఇంకా బస్సు దిగనేదేటి?" అంది అవతలి వరసలో ఒకావిడ. వరసంతా నవ్వింది, వియ్యపురాలు తప్ప.

పప్పు వడ్డిస్తున్న మేనత్త బాల్చీతోనే వచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పింది.

"నేర్సుకున్నది ఇడిసీ అమ్మీ. ఆవిడ్ని సూడు. సేతిలో ఏటుంది?"

"నిమ్మసెక్క."

"మరదే పాడు."

అందరం మొహమే చూశాం గానీ, ఆవిడ మాటిమాటికీ వాసన చూస్తున్న ఆ నిమ్మచెక్కను ఎవరమూ చూడలేదు. పాపం, బస్సులో కొండదారి ఘాటీ మలుపులకు కడుపులో తిప్పేసింది, అంతే.

"పొట్టంగి కొండ దిగె వియ్యపురాలు, నిమ్మసెక్క సేతబట్టె వియ్యపురాలు" అని అందుకున్నాను. రాగం మేకలు విన్నదే. "మొగుడి సెయ్యి ఇడిసె గానీ నిమ్మసెక్క ఇడవదు" అని మేనత్త అంటించింది.

వియ్యపురాలి భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటూ, విస్తట్లో పడ్డ పప్పు వేలితో నాకి చూసి, బొంగురు గొంతుతో అదే రాగంలో తిప్పికొట్టింది: "నిమ్మసెక్క నాది సరే వదినమ్మా, పప్పులోన ఉప్పు ఏదె వదినమ్మా?"

మేనత్త పప్పు నాలిక్కి రాసుకుంది. నిజంగానే ఉప్పు లేదు.

"ఉప్పు మీ మజ్జిగలోకి దాసేను వదినా," అని క్షణం తడుముకోకుండా అని, లోపలికెళ్లి ఉప్పు వేసిన మజ్జిగ చెంబెడు తెచ్చింది. ఆవిడ గటగటా తాగి, మూతి తుడుచుకుని, "మా కోడలేదీ? తెచ్చి నా పక్కన కూకోబెట్టండి" అంది. మా అక్క తడి కళ్లతోనే నవ్వుతూ వచ్చి కూర్చుంది.

మొన్న రాయగడలో ఒకరి పదవీ విరమణ సభలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏమీ రాసుకోలేదు. లేచి, ముందు వరసలో ఆయన భార్య మళ్లీ మళ్లీ చేతిగడియారం చూసుకోవడం చూసి, ఇన్నేళ్లూ ఆవిడ గుమ్మంలో ఎదురుచూసిన సాయంత్రాల గురించి మొదలుపెట్టాను. ఆవిడ గడియారం మీద చెయ్యి కప్పుకుని వింది. నాలుగు మాటలు నలభై అయ్యాయి. వెనక వరసలో ఇద్దరు వంటవాసన వచ్చేవైపు తల తిప్పడం కూడా చూశాను గనుక, అక్కడితో ఆపి కూర్చున్నాను.