జాఫర్ సాల్మన్, హాజీ పడవ

2023 జులై 9, ఆదివారం, ఉదయం పదీ నలభై. సౌదీలోని ఖతీఫ్‌లో నేను పనిచేసే ఇంటి వంటగదిలో పద్నాలుగు సాఫీ చేపలు ముందేసుకుని శుభ్రం చేస్తున్నాను. సాఫీ అరచేతంత సముద్రపు చేప. దాని ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది. ఆ ఇంట్లో వంటమనిషిగా నాకది పంతొమ్మిదో ఏడు. వయసు అరవై రెండు. అంతకుముందు కోటిపల్లి రేవు దగ్గర ఒక భోజన హోటల్లో తొమ్మిదేళ్లు వండాను. అందుకని చేప విషయంలో ఆ ఇంట్లో నా మాటకు ఎదురుండేది కాదు.

ఇంటి పెద్దాయనను అందరూ హాజీ అనేవాళ్లు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషి. మోకాళ్లు పట్టేశాక పడవను రేవులో కట్టేశారు. కొడుకు జాఫర్ ఇంజనీరు, ఏసీ గదిలో ఉద్యోగం. మేనల్లుడు హసన్ చేపల మార్కెట్లో వ్యాపారి. పడవ ఇద్దరూ అడుగుతున్నారు. ఎవరికివ్వాలో హాజీ ఏడాదిగా తేల్చడం లేదు. జాఫర్‌కు ఆ పడవంటే ప్రాణం. సెలవు రోజు వెళ్లి, ఊరికే దానిలో కూర్చుని వచ్చేవాడు.

ఆ ఉదయం జాఫర్ వంటగది గుమ్మంలో నిలబడి, లోపల టీ తాగుతున్న తండ్రితో అన్నాడు: "బాబా, స్కాట్లాండ్ వెళ్తున్నా, సాల్మన్ పట్టడానికి. వారం రోజులకి నది మీద బీట్ తీసుకున్నా."

అరబీలో ఇంటిని బేత్ అంటారు. హాజీకి చెవుడు, నాది వంటింటి అరబీ. ఇద్దరికీ ఒకటే వినబడింది.

"నది మీద ఇల్లేమిట్రా? కొట్టుకుపోదూ?" అన్నారు హాజీ.

జాఫర్ విడమరిచి చెప్పినా నాకు ఎక్కలేదు. మధ్యాహ్నం మా డ్రైవర్ రాజన్న చెప్పాడు. అతనిది జగిత్యాల దగ్గర పల్లె.

"ఇల్లు గాదక్కా. మా దిక్కు ఫారెస్టోళ్లకు బీట్ ఉండదా, ఈడికెల్లి ఆడిదాంక నీది అని? గట్లనే నదిని ముక్కలు చేసి వారానికి కిరాయికిస్తరట. ఆ ముక్కల ఇంకోడు గాలం ఎయ్యొద్దు."

"చేప పక్క ముక్కలోకి పోతే?"

"గప్పుడది పక్కోని చేప."

హాజీకి మాత్రం బీట్ కంటే గాలం మీద ఆసక్తి కలిగింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరి ముందూ షరతు పెట్టారు. "వారంలో ఒక్క చేప పట్టి నా పళ్లెంలో పెట్టు. పడవ నీది. లేదా, హసన్‌ది."

జాఫర్ పదిహేనో తేదీన వెళ్లాడు. అక్కడ వేట సోమవారం నుంచి శనివారం దాకానే. ఆదివారం చేపలకు సెలవట. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. నేను వంటగది క్యాలెండర్లో రాసుకున్నాను: సోమ 0. మంగళ 0. బుధ 0, వాన. గురు 0. శుక్ర 0, జలుబు. శని 1.

"పట్టాను బాబా!" అని ఆ శనివారం అరిచిన అరుపు ఫోన్లోంచి వంటగదిలోకి వినబడింది.

"తీసుకురా," అన్నారు హాజీ.

ఈసారి అరవకుండా, "సరే," అన్నాడు.

సాల్మన్ కూడా మా పులసలాగే సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుందని జాఫర్ చెప్పిన దగ్గర నుంచీ నాకు ఆ చేపతో చుట్టరికం కుదిరింది. మట్టి దాక దించాను. చింతపండు, లేత బెండకాయలు, వెన్న సిద్ధం చేశాను. మంగళవారం, ఇరవై అయిదో తేదీ మధ్యాహ్నం విందు. హసన్‌కూ కబురు వెళ్లింది.

ఆ ఉదయం ఎనిమిదింబావుకి జాఫర్ వంటగదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"సత్తియా, చేప లేదు." నా పేరు సత్యవతి. ఆ ఇంట్లో నోరు తిరిగినంత మేరకు సత్తియా.

"విమానంలో పాడైపోయిందా?"

"బాగానే ఉంది. నదిలో ఉంది. వదిలేశాను."

అక్కడి పద్ధతి క్యాచ్ అండ్ రిలీజ్ అట. పట్టుకోవాలి, ఫోటో దిగాలి, మళ్లీ నీళ్లలో వదలాలి. ఫోన్ చూపించాడు. నడుము దాకా నీళ్లు, చేతుల్లో వెండిరంగు చేప, మొహం నిండా పెళ్లికొడుకు నవ్వు. ఫోటో మీద శనివారం, 4:20 అని ఉంది. తొమ్మిది పౌండ్లట, అంటే నాలుగు కిలోల పైన ఎనభై గ్రాములు.

"హాజీకి ఇదే చూపించు."

"ఫోన్లో చేప వాసన రాదంటాడు. సూపర్‌మార్కెట్లో అంతే బరువున్నది తెప్పిస్తా. ఆయన పుట్టి బుద్ధెరిగి సాల్మన్ చూడలేదు."

మా వైపు సముద్రంలో దొరికినది విలస. అదే గోదావరి ఎదురీదితే పులస. విలసను వండి పులసని వడ్డించే హోటళ్లు నాకు తెలుసు. తొమ్మిదేళ్లలో మా హోటల్లో ఒక్క రోజూ ఆ పని జరగలేదు. ఇప్పుడు ముసలితనంలో జరగబోతోంది. కానీ జాఫర్ మొహం చూస్తే కాదనలేకపోయాను.

"వండుతాను. అబద్ధం మాత్రం నా నోట రాదు. అడిగితే ఉన్నది చెబుతాను."

"నిన్నెవరడుగుతారు?"

పదింటికి రాజన్న చేప తెచ్చాడు. "నాలుగుంబావు ఉన్నదక్కా. గంతకు తక్కువది లేదట."

"నూట డెబ్బై గ్రాములు ఎక్కువ."

"ఇమానంల కూసోని లావైందనుకుంటరు తియ్."

ఆ నూట డెబ్బై గ్రాములూ తోక వైపు కోసి ఫ్రిజ్‌లో పెట్టాను. తోక ఎలాగూ తీయాల్సిందే. పెంపకం చేప కదా, వలగూటికి రాసుకుని అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. చేపలు తెలిసినవాడికి ఆ ఒక్క తోక చాలు.

ఒంటిగంటన్నరకు వడ్డించాను. ఇంటి ఆచారం ప్రకారం తలకాయ హాజీ ముందు పెట్టాను. ఆయన తినడం మొదలుపెట్టలేదు. చేప నోరు తెరిచి, వేలితో పెదవి చుట్టూ తడిమారు.

"జాఫర్, గాలం ఎక్కడ పట్టింది?"

"పెదవికి, బాబా."

"చిల్లు లేదే."

"చిన్న గాలం. మానిపోయి ఉంటుంది."

"చచ్చిన చేపకి పుండు మానిందా?"

హసన్‌కు పొలమారింది. జాఫర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. హాజీ ఒక నిమిషం కొడుకును చూసి, నవ్వడం మొదలుపెట్టారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"వల్లాహి, వీడు నా కొడుకేనని ఇవాళ నమ్మకం కుదిరింది! ఖాళీ పడవతో వచ్చిన రోజు నేనూ రేవులో హామూర్ చేప కొనుక్కుని వచ్చి మీ అమ్మకి పట్టానని చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్లు నమ్మింది పిచ్చిది. ఈపాటి అబద్ధం ఆడలేనివాడు సముద్రానికేం పనికొస్తాడు?"

జేబులోంచి పడవ మోటారు తాళంచెవి తీసి జాఫర్ పళ్లెం పక్కన పెట్టారు. జాఫర్ దాని మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నేను నీళ్ల జగ్గు తీసుకుని లోపలికి వెళ్లి ఉండాల్సింది. హాజీ నావైపు తిరిగి, "పాపం, వారమంతా వీడికి ఒక్కటీ దొరకలేదు కదా సత్తియా?" అన్నారు.

ఒక్కటీ దొరకలేదనడం తప్పు. క్యాలెండర్లో ఒకటి ఉంది. పైగా అడిగారు.

"లేదు హాజీ. ఒకటి పట్టాడు. శనివారం నాలుగూ ఇరవైకి. తొమ్మిది పౌండ్లు. ఫోటో నేను చూశాను."

జాఫర్ నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేదనుకున్నాను.

"పట్టాడా? మరి అదేదీ?"

"నీళ్లలో వదిలేశాడు."

"చేయి జారిందా?"

"లేదు. రెండు చేతులతో పట్టుకుని, ఫోటో దిగి, జాగ్రత్తగా వదిలాడు."



"అది అక్కడి రూలు, బాబా," అన్నాడు జాఫర్.

"వేటకెళ్లినవాడు అబద్ధమాడతాడు. పక్కవాడి వలలోంచి దొంగిలిస్తాడు కూడా. చేతికొచ్చింది వదిలెయ్యడు." హాజీ కొడుకు చేతి కిందనుంచి తాళంచెవి లాగి హసన్ ముందు పెట్టారు. "వీడికి పడవిస్తే ఇంటికేం తెస్తాడు, ఫోటోలా?"

తరువాత తలకాయ తిన్నారు. పులుసు మళ్లీ వేయమన్నారు.

సాయంత్రం రాజన్న గిన్నెలు అందుకుంటూ అన్నాడు, "ఎందుకక్కా గట్ల జెప్పినవ్?"

"ఆయన అడిగారయ్యా."

"తల ఊపితే అయిపోయేదానికి గంటలు, పౌండ్లు ఎవలడిగిండ్రు?"

ఉప్పు, పులుపు, మంట, బరువు, ఇవన్నీ కొలవడం ఈ పనిలో మొదటి ఏడాదే నేర్చుకున్నాను. కొలత సరిగ్గానే ఉన్నా పైకి చెప్పకూడని వేళ ఒకటుంటుందని తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటి నుంచి అన్నాల దగ్గర పెద్దవాళ్లు నవ్వుతుంటే, నేను ఖాళీ గిన్నె ఒకటి చూసుకుని లోపలికి వచ్చేస్తాను.

ఆ వ్యవహారంలో పోయినవి: పడవ ఒకటి, మోటారుతో సహా. సాల్మన్లు రెండు, ఒకటి నదిలోకి, ఒకటి పులుసులోకి. మట్టి దాక ఒకటి, కడుగుతుంటే నా చేతిలోంచి జారి. జాఫర్ నాతో మాట్లాడని రోజులు పదకొండు.