తెలుగు కోసం మూడు నొక్కండి

ఇనుప గనిలో నాతోపాటు రిటైరైన వాళ్లంతా సామాను సర్దుకుని విశాఖపట్నం రైలెక్కారు. మేం ఎక్కలేదు. ఎందుకని అడిగితే ఇక్కడి గాలి మంచిదని చెప్పేవాణ్ణి. ఎర్రదుమ్ము పీల్చి బతికిన వాళ్లెవరూ నమ్మలేదు. అసలు కారణాలు రెండు. తెలుగు సరిహద్దు దాటి హిందీ రాష్ట్రంలో ఉన్న ఈ బచేలిలో నేను రకరకాల ఆఫీసులకు ఇచ్చిన ఫిర్యాదులు ఇంకా తేలలేదు. ఫిర్యాదు చేసినవాడు ఊరు వదిలిపోతే ఎవరెవరు సంతోషిస్తారో నాకు బాగా తెలుసు. వాళ్లకు ఆ సంతోషం ఇవ్వదలుచుకోలేదు. రెండో కారణం, మా ఆవిడ అక్క మద్దేడ్‌లో ఉంటుంది.

మా ఆవిడది మద్దేడ్ పక్క పల్లె, ఇదే రాష్ట్రంలో గోదావరి వైపు తెలుగు మాట్లాడే చోటు. నాది శ్రీకాకుళం వైపు. పెళ్లయిన కొత్తలో ఒకరి తెలుగు ఒకరికి సగమే అర్థమయ్యేది. ఆ రోజుల్లో మా మధ్య గొడవలు కూడా సగమే ఉండేవి. తర్వాత పూర్తిగా అర్థమైంది.

కంపెనీ క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ హాల్లో నల్ల ఫోన్ ఒకటి ఉండేది. నేను మొదటి షిఫ్టుకు గడప దాటగానే ఆమె దాన్ని అందుకునేది. అవతల మా వదిన. ఇప్పపువ్వు రాలడం మొదలైందా, తునికాకు కల్లం దగ్గర ఎవరు ఎవరితో తగువు పడ్డారు, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఇవాళ ఏం కూర. రోజూ ఇవే. రోజూ కొత్తగానే ఉండేవి.

ఆమెకు కుడి చెవి ఏనాడో పోయింది. ఎడమది సగం పని చేస్తుంది. చెవి మిషన్ పెట్టిస్తే అది ఈల వేసింది, తీసి డబ్బాలో పడేసింది. కానీ ఆ ఫోన్ రిసీవరు గట్టిగా చెవికి ఆనించుకుంటే మద్దేడ్‌లో వదిన నిట్టూర్చడం కూడా వినపడేది. మొబైల్‌తో ఆ పని జరగదు. ఆ పలకలో మాట ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమె చెవికి దొరకదు. స్పీకరు పెడితే ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. పైగా అక్కాచెల్లెళ్లు నా గురించి అనుకునేదంతా వీధి వీధికీ ప్రసారమవుతుంది.

క్వార్టరు తాళాలు అప్పగించిన రోజు ఫోన్ కూడా అప్పగించాం. బజారు వైపు అద్దె ఇంటికి వచ్చాక మా ఆవిడకు మాటలు తగ్గిపోయాయి. ఉప్పు, పప్పు, గ్యాసు. అంతే. చుట్టూ హిందీ, హల్బీ, గోండీ. అవన్నీ ఆమెకు వచ్చు, కూరగాయలు బేరం చేయడానికి సరిపోతాయి. కానీ మనసులో మాట చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది అక్క ఒక్కతే.

"నేను లేనా? నాతో మాట్లాడు" అన్నాను.

"నీతోని మాట్లాడితే గది మాటెట్లైతదయ్యా? కంప్లైంటైతది" అంది.

సరే, ల్యాండ్‌లైన్ పెట్టిద్దామని బయలుదేరాను. ఈ రోజుల్లో ఉత్త ఫోన్ ఎవరూ ఇవ్వరని అప్పుడు తెలిసింది. ఇంటర్నెట్ తీసుకుంటే దాంతో ఫోన్ ఇస్తారు. కొత్తిమీర కట్ట అడిగితే బుట్టెడు కూరగాయలు కొనమన్నట్టు. ఊళ్లో ఆ వ్యాపారం చేసేవాళ్లు ముగ్గురు. ముగ్గురితోనూ నాకు పాత లెక్కలున్నాయి.

మొదటివాడు కేబుల్ టీవీ ఆయన. తీగల మీద టీవీ ఇచ్చినవాడు ఇప్పుడు అదే స్తంభాల మీద ఇంటర్నెట్ కూడా ఇస్తున్నాడు. ఒకసారి ఫైనల్ మ్యాచి చివరి ఓవర్లో మా లైను పోయింది. ఫోన్ చేస్తే, "మనమే గెలిచాం లెండి భాయ్‌సాబ్, ఇంక చూసేదేముంది" అన్నాడు. నేను చూడాల్సిన ఆరు బంతులు ఆయన నాకు ఇంకా బాకీ ఉన్నాడు.

రెండోది మెయిన్ రోడ్డు మీద గాజు తలుపుల దుకాణం పెట్టిన కంపెనీ. మొబైల్ సిమ్ కోసం పోయినప్పుడు నన్ను గంటసేపు నిలబెట్టి, నా తర్వాత వచ్చిన గని ఆఫీసరుకు కుర్చీ వేసి టీ తెప్పించారు. ఆ ఆఫీసరు టీ తాగుతూ నన్ను చూసి తలూపాడు. ఆ తలూపుడుతో సహా గుర్తుంది నాకు.

మూడోది కొత్త కంపెనీ. వాళ్ల కుర్రాడు వారపు సంతలో, చింతపండు గుట్టలకూ ఎండుచేపలకూ మధ్య, రంగుల గొడుగు పాతుకుని కూర్చున్నాడు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీలు చూపించాడు. ఇనుము తవ్వి బతికే ఊళ్లో ఇనుము పేరుతో ఒక్క ప్యాకేజీ లేదు.

"అంకల్‌జీ, గోల్డ్ తీసుకోండి. సినిమాల యాప్‌లు బోలెడు వస్తాయి, గేమింగ్‌కి స్పీడ్ అదిరిపోతుంది" అన్నాడు హిందీలో.

"గేమింగ్ ఎవరికి?"

"ఆంటీజీకి కావాలేమో!"

"ల్యాండ్‌లైన్ సంగతి చెప్పు."

వాడు పక్కనున్న వాడి వైపు తిరిగి నవ్వాడు. "ఫ్రీగా వస్తుంది దాదాజీ. ఎవరూ వాడరు గాని, వస్తుంది."

అంకల్‌జీ నుంచి దాదాజీకి రెండు వాక్యాల్లో ప్రమోషన్. కంపెనీలో నాకు అంత వేగంగా ఎప్పుడూ రాలేదు.

ఇంటికొచ్చి, ముగ్గురిలో ఎవరి దగ్గరా తీసుకోకూడదని నిర్ణయించాను. కొన్నాళ్లు అలాగే గడిచింది. ఒక పొద్దున చూద్దును కదా, ఆమె అటక మీది సంచి దించి దులుపుతోంది.

"ఏమిటిది?"

"మద్దేడ్ పోత. అక్క తాన ఉంట."

"ఎన్నాళ్లు?"

"నిన్ను తిట్టని కంపెనీ పుట్టేదాంక."

ఇది మామూలు అలక కాదని అర్థమైంది. మామూలు అలకకు ఆమె గిన్నెలు చప్పుడు చేస్తుంది. సంచి దులపదు. మధ్యాహ్నానికి ఒక నిర్ణయానికి వచ్చాను. మూడు అవమానాల్లోనూ సంతలోది తాజాది, ఇంకా ముదరలేదు. కొత్త కంపెనీనే ఖాయం చేశాను. సిల్వర్ ప్యాకేజీ. వాడు గోల్డ్ తీసుకోమన్నాడు కాబట్టి సిల్వర్.

ఇద్దరు మనుషులు వచ్చి స్తంభం నుంచి కిటికీ దాకా తీగ లాగి, గోడకు తెల్ల డబ్బా బిగించారు. నేను ముందే కొని ఉంచిన ఫోన్‌ను దాని వెనక గుచ్చారు. డబ్బా మీద దీపాలన్నీ వెలిగాయి, ఫోన్ దీపం ఒక్కటి తప్ప. "రేపటికల్లా యాక్టివేట్ అవుతుంది" అని పోయారు. రేపు వచ్చింది, పోయింది. మా ఆవిడ పొద్దున్నే రిసీవరు ఎత్తి చెవికి ఆనించుకుని, కాసేపు అలాగే ఉండి, పెట్టేసింది.

కస్టమర్ కేర్‌కు మొబైల్‌లో చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, తెలుగు కోసం మూడు నొక్కండి అంది గొంతు. నా ఆనందం చెప్పలేను. సర్వీసంతా హిందీలో దరఖాస్తులు పెట్టి, హిందీలో చీవాట్లు తిన్నవాణ్ణి. మాతృభాషలో ఫిర్యాదు చేసే భాగ్యం ఇన్నాళ్లకు దక్కింది. మూడు నొక్కాను.

ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా విని, "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అంది. నా జీవితంలో ఒక ఆఫీసు నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. "కానీ సార్, మా సిస్టంలో మీ ఊరు చూపించడం లేదు. మీకు దగ్గర్లో పెద్ద ఊరు ఏదైనా చెప్తారా?"

"భద్రాచలం" అన్నాను.

తడుముకోలేదు. హిందీలో అడిగి ఉంటే జగ్దల్‌పూర్ అని ఉండేవాణ్ణి. తెలుగులో పెద్ద ఊరంటే మాకు భద్రాచలమే. పెళ్లి బట్టలకు, పంటి డాక్టరుకు, మొక్కులకు మావాళ్లు అటే పోతారు. దారిలో అడవులు, కొండలు, ఓ రాష్ట్ర సరిహద్దు ఉన్నాయన్న సంగతి ఆ క్షణంలో తోచలేదు. ఆ అమ్మాయి చాలా సంతోషించి, టెక్నీషియన్ వస్తాడని చెప్పింది.

మర్నాడు ఫోన్ వచ్చింది. "సార్, ఇంటర్నెట్ నుంచి. మీ ఇల్లు ఎక్కడ?"

"గుడి వెనక సందులో."

"గుడి వెనకే ఉన్న సార్. ఏ సందు?"

"చెక్‌పోస్టు వైపు వచ్చి కుడికి తిరుగు."

"గుడి కాడ చెక్‌పోస్టేంది సార్? గోదారి కనపడుతోందా మీకు?"

"బచేలిలో గోదావరేమిటయ్యా?"

"సార్, నేను భద్రాచలంలో ఉన్న. ఎండలో గుడి చుట్టూ తిరుగుతున్న."

"ప్రదక్షిణం పుణ్యమే" అన్నాను. వాడికి నచ్చలేదు. సాయంత్రానికి మెసేజి వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవతో మీరు సంతృప్తి చెందారా? చెందలేదని నొక్కి, మళ్లీ చేసి, మళ్లీ మూడు నొక్కాను. మళ్లీ అదే కుర్రాడు.

"సార్, మీరే కదా? నేను రాలేను సార్, అది మా రాష్ట్రం కాదు. జర హిందీ నొక్కండి సార్, మీకు దండం పెడత."

పక్కింటి తెలుగాయన, ఆయనా గనిలో చేసినవాడే, గోడ మీదుగా విని నవ్వాడు. "మీకు తెలీదేంటి మాస్టారూ? ఇక్కడ మనోళ్లందరూ హిందీయే నొక్కుతారు. తెలుగు నొక్కితే తెలుగు రాష్ట్రాలకే పోద్ది."

"అలాగైతే ఇక్కడ తెలుగువాడు తెలుగులో ఫిర్యాదు చేయకూడదా?"

"చేయొచ్చు. బాగు కాదు, అంతే."

నేను ఒప్పుకోలేదు. ఇది ఒక ఫోన్ దీపం సంగతి కాదు. ఆ మూడు అంకె అక్కడ పెట్టింది ఎందుకు? అలంకారానికా? నొక్కుతూనే పోయాను. భద్రాచలం కుర్రాడు నా నంబరు ఎత్తడం మానేశాడు. మెసేజీలు మాత్రం క్రమం తప్పకుండా నా సంతృప్తిని వాకబు చేస్తూ వచ్చాయి.

అలా ఓ పొద్దున హాల్లోకి వచ్చేసరికి సంచి గుమ్మం దగ్గర ఉంది, ఈసారి నిండుగా. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"గీదం బస్సు ఇప్పుడొస్తది. ఆడ బీజాపూర్ బస్సు మారుత" అంది.

"ఇవాళ గట్టిగా మాట్లాడతాను. పైవాళ్లకు రాస్తాను."

"నువ్వు రాసేది వాళ్లకయ్యా. నేను మాట్లాడేది అక్కకు." అని చీర కుచ్చిళ్లు సర్దుకుని, "ఎనభై దగ్గరపడుతున్నది దానికి. నీ తగువు గెలిచేదాంక అది ఆగుతదా?" అంది.

జవాబు చెప్పబోతే ఆమె ఎడమ చెవి అటువైపు తిప్పుకుని కూర్చుంది.

వీధి చివర బస్సు హారను వినపడింది. ఆమెకు వినపడలేదు. చెప్పొచ్చు, చెప్పలేదు. మొబైల్ తీశాను. ఒకటి నొక్కాను. చేతులు కట్టుకుని ఆఫీసర్ల ముందు మాట్లాడిన ఆ పాత హిందీ, జీ సార్, కృపయా సార్ అంటూ దానంతటదే వచ్చింది. అవతలి మనిషి నన్ను అర్థం చేసుకోలేదు, సానుభూతి చూపలేదు, పేరు కూడా సగం విన్నాడు. "బచేలీ? ఠీక్ హై" అన్నాడు.

బస్సు దాటిపోయిందని తెలిసి మా ఆవిడ విసుక్కుంటూ లేచి వంట మొదలుపెట్టింది. అది కాకముందే మనిషి వచ్చాడు. సంతలో గొడుగు కింద నవ్విన కుర్రాడే. చేతిలోని మొబైల్ మీద ఏదో నొక్కాడు. డబ్బా మీద ఫోన్ దీపం వెలిగింది. "ముందే చెప్పొచ్చు కదా దాదాజీ" అన్నాడు.

మా ఆవిడ రిసీవరు ఎత్తింది. నంబరు ఆమెకు నోటికి వచ్చు. చాలాసేపు మోగిందేమో, ఆమె ముఖం మెల్లగా బిగుసుకుంటూ వచ్చింది. నేను, ఆ కుర్రాడు ఆమెనే చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఒక్కసారిగా, "అక్కా!" అంది. అవతల ఏమన్నదో గాని కళ్లు తుడుచుకుని, "ఏందే గట్ల ఏడుస్తవ్? నేను మంచిగనే ఉన్న. ముందు గిది చెప్పు, ఏం కూర?" అంది.

కుర్రాడు వెళ్లిపోయాడు. కూర దగ్గర మొదలై, ఎవరి కోడలో తిరిగి రావడం దాకా వచ్చింది. మధ్యలో, "ఆఁ, ఉన్నడు, ఈడనే నిలబడ్డడు, చెవులు నిక్కబొడుచుకుని" అని నవ్వింది. అవతలి నవ్వు కూడా నాకు వినపడింది, రిసీవరు అంత గట్టిగా ఆనించుకున్నా.

వంట సగంలో ఆగిపోయి ఉంది. అన్నం సంగతి ఏమిటని సైగ చేశాను. చెయ్యి ఊపింది, పొమ్మని. గుమ్మం దగ్గరి సంచి పక్కకు జరిపి, వంటింట్లోకి పోయి స్టవ్ వెలిగించి, పప్పు కుక్కరు కోసం వెతకసాగాను.