మంచు కరగాలని చూసిన ఎండాకాలం

నేను పెంచిన పిల్లవాడు మంచులో పోయాడు. ఈ మాట చెబితే మా ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. "కువైట్‌లో మంచు యాడిది? ఎండదెబ్బ తగిలిందంటే నమ్ముతాం గానీ" అనింది మా అక్క ఫోన్లో. ఆమెకు విడమర్చి చెప్పే ఓపిక అప్పుడు నాకు లేదు.

ఆ ఇంటికి నేను వచ్చేనాటికి వాడింకా బడికి పోవడం లేదు. నా భర్త పోయాక, కూతురిని రాయచోటి దగ్గర మా అక్క ఇంట్లో ఉంచి విమానం ఎక్కాను. నా కూతురిదీ వాడిదీ ఒకటే ఈడు. ఇంటావిడను మామా అనాలి, ఆయనను బాబా అనాలి అని ఏజెంటు చెప్పి పంపాడు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్ళు. పొద్దున లేపడం, తల దువ్వడం, అన్నం తినిపించడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం అన్నీ నావే. ఆ ఇంటి డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. నన్ను అక్కా అని పిలిచేవాడు. అది విని పిల్లవాడు కూడా అక్కా అన్నాడు. చాలాకాలం అదే నా పేరనుకున్నాడు. మా ఇద్దరి మాట సగం వాళ్ళ అరబ్బీ, సగం మా సీమ తెలుగు.

పెద్ద చదువుకు వాడు స్విట్జర్లాండ్ పోయాడు. మంచు పిచ్చి అక్కడే పట్టుకుంది. అందరిలా తీగ మీద వేలాడే బండిలో పైకి పోయి, సాపు చేసిన దారిలో కిందికి జారడం వాడికి నచ్చలేదు. ఎవరూ తొక్కని కొండను కాళ్ళతో ఎక్కాలి, పైకి చేరాక జారుతూ దిగాలి. అదీ వాడికి కావలసింది. తిరిగొచ్చి సబ్హాన్‌లో బాబా గోదాముల వ్యాపారం చూసుకోవడం మొదలుపెట్టాక కూడా, చలికాలం వస్తే చాలు, తన స్నేహితుడితో కలిసి రష్యా కిందుండే జార్జియా దేశానికి పోయేవాడు. ఇక్కడినుంచి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు అనేవాడు.

పోయొచ్చాక ఆ సామాను ఆరబెట్టే పని నాది. కాళ్ళకు కట్టుకునే పొడవాటి పలకలు, వాటి కింద అంటించే పట్టీలు. ఆ పట్టీని ఒక వైపు నిమిరితే పిల్లి వీపులా నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరగరలాడుతుంది. కొండ ఎక్కేటప్పుడు ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. ఎండలో వేస్తే దాని జిగురు కరిగిపోతుందని ఇస్త్రీ గదిలో బట్టలారేసే కడ్డీకి వేలాడదీసేదాన్ని.

ఒకరోజు వంటింట్లోకి వచ్చి పళ్ళెంలో చక్కెర పోశాడు. దాని మీద నేను కాల్చిన రొట్టె పెట్టాడు.

"చూడక్కా. అడుగున పాత మంచు ఇట్లా చక్కెర పలుకుల్లా అయిపోతుంది. ఒకదానికొకటి అంటుకోదు. పైన గాలి కొట్టి కొట్టి కొత్త మంచును ఇట్లా రొట్టెలాగా గట్టి చేస్తుంది. చూసేదానికి గట్టిగా, అందంగా ఉంటుంది." పళ్ళెం కొంచెం వంచాడు. రొట్టె మొత్తంగా జారి బండ మీద పడింది.

"మరి తెలిసి తెలిసి ఆడికెందుకు పోతావు నాయనా?" అన్నాను.

"తెలుసు కాబట్టే భయం లేదు. గుంత తవ్వి చూస్తాం. చక్కెర ఉంటే వెనక్కి వచ్చేస్తాం."

ఛాతీకి కట్టుకునే చిన్న పెట్టె ఒకటి ఉండేది. మంచులో కూరుకుపోయిన మనిషి పెట్టె సంకేతం ఇస్తే పైనున్న మనిషి పెట్టె దాన్ని పట్టుకుంటుందట. దానితో వెతకడం సాధన చెయ్యడానికి వాడికి కువైట్‌లో మంచు ఎక్కడిది? సులైబియా తోటలు దాటి ఎడారిలోకి పోయేవాడు. డ్రైవరూ నేనూ టీ ఫ్లాస్కు పట్టుకుని వెంట పోయేవాళ్ళం. "నాకు కనపడకుండా పూడ్చిపెట్టక్కా" అని పెట్టె నా చేతికిచ్చి వెనక్కి తిరిగి నిలబడేవాడు. ఇసుకలో పాతేదాన్ని. వాడు రెండో పెట్టె పట్టుకుని, ఆ కుయ్‌కుయ్ శబ్దం వింటూ, వంగి వంగి నడిచి, పొడవాటి సన్నని కడ్డీ గుచ్చి, పార తీసుకుని తవ్వేవాడు. ప్రతిసారీ దొరికేది. డ్రైవరు నవ్వేవాడు కాదు. "అక్కా, ఇసుకల దొరికితె మంచుల దొరుకుతదా? నాకైతె మంచిగనిపిస్తలేదు" అన్నాడు ఒకసారి నాతో మాత్రమే.

ఆ జనవరిలో వాడు మళ్ళీ జార్జియా పోయాడు. కబురు ఒక మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చింది. బాబా ఫోన్ ఎత్తి విని, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. మామా నా చేతిలోని గిన్నె అందుకోబోతూ ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన నోట మాట రాకముందే ఆమెకు తెలిసిపోయింది. గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది.

బాబా ఆ సాయంత్రమే విమానం ఎక్కాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు. ఆ తరువాత కొన్నాళ్ళకు స్నేహితుడు వచ్చాడు, మణికట్టుకు కట్టుతో. మామా అతన్ని లోపలికి పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టింది. నన్ను పోవద్దని చెయ్యి పట్టుకుంది.

"గుంత తవ్వి చూశాం ఖాలా" అన్నాడు అతను తల వంచుకుని. తల్లి వరస ఆడవాళ్ళను వాళ్ళు అలా పిలుస్తారు. "అడుగున చక్కెర పొర ఉంది. పెద్ద వాలు వద్దని వాడే అన్నాడు. నేను కాదు, వాడే. పక్కన చిన్న వాలు ఉంటే దాని మీద దిగుదామన్నాడు. నేను ముందు దిగి రాతి చాటున నిలబడ్డాను. వాడు సగం దిగేసరికి ఒక శబ్దం వచ్చింది. పెద్ద మూట నేల మీద పడ్డట్టు. వాడి కాళ్ళ కింద ఏమీ కాలేదు. మేం వద్దనుకున్న పెద్ద వాలు మొత్తం పైన పగిలింది. అక్కడినుంచి వచ్చి పడింది."

అతని పెట్టెకు సంకేతం అందింది. కానీ అది సన్నని లోయలో, చాలా లోతునుంచి వచ్చింది. కడ్డీ పొడవంతా దిగినా దేనికీ తగల్లేదు. ఆ విసురుకు విరిగిన చేతితోనే తవ్వాడు. సాయానికి మనుషులు వచ్చేసరికి గాలి లేచింది. పైన ఇంకా సగం మంచు పగులు పట్టుకుని వేలాడుతోంది, అది కూడా పడితే వీళ్ళందరూ పోతారని వాళ్ళ పెద్ద అందరినీ వెనక్కి పిలిచాడు. ఆ తరువాత వరసగా మంచు కురిసింది.

మామా అంతా విని ఒక్కటే అడిగింది. "ఆ పెట్టె ఇంకా పలుకుతోందా?"

"బ్యాటరీ కొన్నాళ్ళే వస్తుంది ఖాలా."

ఆమె నా చెయ్యి వదిలేసింది. అతను వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా వైపు చూశాడు.  చేసిందంతా సరిగ్గానే చేశారు కదా అని నాకు అనిపించింది. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. తప్పు చేసి ఉంటే ఎవరినైనా తిట్టుకునేదాన్ని.

ఆ లోయలో మంచు జూన్ దాకా ఉంటుందని, కరిగినప్పుడు వెతుకుతామని అక్కడి అధికారులు బాబాకు చెప్పారు. ఇక మాకు ఎదురుచూడడమే పని. ఆ కొండలకు దగ్గర్లోని ఒక హోటలు వాళ్ళు బయట కెమెరా పెట్టారు. దాని బొమ్మ ఫోన్లో వస్తుంది. ఒక చెక్క కంచె, వెనక కొండ. మామా పొద్దున లేవగానే అదే చూసేది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఆనకపోతే ఫోన్ నాకిచ్చి అడిగేది.

"కంచె కనపడుతోందా?"

"కొన మాత్రం కనపడుతాంది మామా."

ఫిబ్రవరి అంతా కొనలే. మార్చిలో ఎండ వచ్చి పైన పెచ్చు కట్టింది. పగలు మెత్తబడేది, చలికి మళ్ళీ గాజులా బిగుసుకునేది. ఇది స్నేహితుడు ఫోన్లో చెబితే తెలిసింది. ఏప్రిల్లో కంచె సగం బయటపడింది. మామా ఆ రోజు కొంచెం అన్నం తింది. వారం తిరగకముందే మళ్ళీ కురిసి కంచె మొత్తం మాయమైంది. ఆమె స్నానాలగదిలోకి పోయి, ఏడుపు బయటికి వినపడకుండా కొళాయి విప్పుకుంది.

అప్పటికి ఇక్కడ ఎండలు ముదిరాయి. మామా తన గదిలో ఏసీ ఆపేసింది. చల్లగాలి ఒంటికి తగిలితే వణుకు పుడుతోందని చెప్పింది. దుమ్ముగాలి రోజుల్లో కిటికీ తెరవడానికి లేదు. ఆ ఉక్కలో మంచం మీద కూర్చుని చెమటలు కారుతున్నా కదిలేది కాదు. నేను కింద కూర్చునేదాన్ని. డాక్టరు వచ్చి మందలించి పోయాడు. బాబా ఒకరోజు తలుపు దగ్గర నిలబడి అరిచాడు. "ఇట్లా చస్తావు నువ్వు. ఖలాస్, చాలు!"

"అక్కడ ఎండ కాయాలి. అంతే. నాకేమైతే ఏం?" అందామె.

ఒకసారి నా దగ్గరే గొణిగింది. "ఆ లోయ అవతల పల్లె ఉందట. ఎవరైనా ఇంట్లోకి తీసుకుని ఉంటే? ఫోన్ లేకపోయి ఉంటే?"

 "ఇన్షాల్లా మామా" అన్నాను. మంచు కరగాలని ఆమె కోరుకుంటోంది. కరిగిననాడు ఈ ఆశ కూడా పోతుందని నాకు తెలుసు. నా బట్టల బీరువా తలుపు లోపల వెంకటేశ్వరస్వామి పటం అంటించుకున్నాను. రోజూ దాని ముందు నిలబడేదాన్ని. ఏం అడగాలో తెలిసేది కాదు. ఊరికే నిలబడి తలుపు మూసేదాన్ని.

ఆ రోజుల్లోనే నా కూతురు ఫోన్ చేస్తే గొంతు పట్టి తెలుసుకుంది. "ఎవురి బిడ్డకో ఇంతగా ఏడ్చాండావే మా. నీ ఆరోగ్యం చూసుకో" అనింది. ప్రేమగానే అనింది.

జూన్‌లో దొరికాడు. గొర్రెలు తోలుకుని పైకి పోయినవాళ్ళు చూసి కబురు చేశారు. బాబా వెళ్ళి తెచ్చాడు. వచ్చిన రోజే ఖననం. వాళ్ళలో ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి పోరు. మామాకు ముఖం చూపించవద్దని మగవాళ్ళు అనుకున్నారు. ఆమె కూడా అడగలేదు. డ్రైవరు బండి తోలుకుని పోయి, గోడ బయట నిలబడి తిరిగొచ్చాడు. వెనక గుమ్మం దగ్గర అతన్ని ఆపాను.

"మొగం చూసినావా తమ్ముడూ?"

"లేదక్కా. తెల్లగుడ్డ కప్పిన్రు. జెరసేపట్లనే అయిపోయింది. అందరు యల్లా యల్లా అని పోయిన్రు." తల గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "నేనైతె గోడ అవుతలికెల్లే మొక్కిన."

మూడు రోజులు ఇంటినిండా నల్లబట్టల ఆడవాళ్ళు. ఒకరు పోతే ఒకరు వచ్చి మామా పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, ఓదార్చి పోయేవాళ్ళు. నేను కాఫీ పోశాను. చేదు కాఫీ, చిన్న కప్పులు, అందరి ముందూ వంగి వంగి పోశాను. కప్పు నిండినా నేను పోస్తూనే ఉండడం ఒక ముసలామె చూసి, "ఈ పనిమనిషికి ఒంట్లో బాగాలేనట్టుంది, ఇంకొకరిని పంపండి" అంది. నన్ను వంటింట్లోకి పంపేశారు. గ్యాసు పొయ్యి ముందు నిలబడి ఉండిపోయాను.

వాళ్ళ సంతాపం రోజులు ముగిశాక మామా మాట్లాడడం మానేసింది. అందరితో కాదు, నాతో. నేను గదిలోకి పోతే గోడవైపు తిరిగేది. ఒకరోజు పొద్దున తానే వంటింట్లోకి వచ్చింది. నా ముఖం చూడకుండా చెప్పింది.

"నువ్వు వెళ్ళిపో. నీ మీద కోపం లేదు, వల్లా, ఒట్టు. నీ అడుగుల చప్పుడు వింటే వాడి గది తలుపు తెరుచుకుంటుందని అనిపిస్తోంది. నేను భరించలేను."

నేను వాణ్ణి పెంచిన ఇల్లు అది. అయినా ఆమె చెప్పింది నాకు అర్థమైంది. నాకూ ఆ తలుపు అలానే వినిపించేది. బాబా కాగితాలు చేయించి టికెట్టు ఇచ్చాడు. డ్రైవరు విమానాశ్రయంలో దింపి నా బట్టల పెట్టె లోపలిదాకా తెచ్చాడు.

మా అక్క ఇంటికి పోతే నా కూతురు మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంచింది. "టీ తాగుతావా మా? కారం తింటావా, తగ్గించాల్నా?" అని అడిగింది. వచ్చిన చుట్టానికి చేసినట్టు అన్నీ చేసింది. తిరుపతిలో నర్సు పని చేస్తుంది, సెలవు పెట్టుకుని వచ్చింది. ఒక సాయంత్రం వాడి గురించి అడిగింది. చెప్పాను. చిన్నప్పుడు పాలు పొంగితే చప్పట్లు కొట్టేవాడని, పరీక్షల ముందు గోళ్ళు కొరికేవాడని, మంచు పట్టీలు, చక్కెర, ఇసుకలో పెట్టె అన్నీ చెప్పాను. ఎంతసేపు చెప్పానో.  అయిపోయాక మెల్లగా అడిగింది.

"నన్ను గురించి ఆడ ఎవురికన్నా ఇట్ల చెప్పింటివా మా?"

 ఈమె పాలు పొంగితే ఏం చేసేదో, పరీక్షల ముందు ఏం చేసేదో నాకు తెలియదు. ఆమె గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

సెలవు మిగిలుండగానే ఆమె తిరుపతి వెళ్ళిపోయింది. మా అక్క ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను మళ్ళీ కువైట్ వచ్చాను. కొత్త కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇల్లు మంగఫ్ దగ్గర. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. వాళ్ళను చూసుకోవడానికి ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. నేను వంట పని మాత్రమే కావాలని అడిగి చేరాను. పిల్లలు వంటింట్లోకి పరిగెత్తుకొస్తే ఆ అమ్మాయిని పిలుస్తాను, ఆమె వచ్చి తీసుకుపోతుంది.