స్టాప్ బటన్ ఎవరి దగ్గర?

ఈ ఉదయం కొత్త స్టాంపు ప్యాడ్ మూత తీయగానే సిరా వాసన గుప్పుమంది. సంతకం రానివాళ్ల వేలిముద్ర కోసం అది ఎప్పుడూ నా బల్ల మీద ఉంటుంది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ అప్పటికే బొటనవేలు చాచింది. ఆ వాసనకి నాకు సత్యవతిగారు గుర్తొచ్చారు. కేన్సర్‌కి కొత్త మందులు పరీక్షించే ట్రయల్స్‌లో రోగులను చేర్చుకోవడం, చేరినవాళ్లు చివరిదాకా వచ్చేలా చూసుకోవడం మా ఉద్యోగం. ఆ పని నాకు నేర్పింది ఆవిడే.

సత్యవతిగారు మొదట్లో నర్సు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబం, అక్కడి అగ్రికో క్వార్టర్లలో పెరిగారు. మెచ్చుకోలు ఆవిడ నోట వినడం అరుదు. నేను చేరిన మొదటి వారం నాకు ఒక్క ఫైలూ ఇవ్వలేదు. వరండాలో రోగుల పక్కన బెంచీ మీద కూర్చోమన్నారు. ఎవరికి తోడు ఎవరూ రాలేదు, ఎవరు ఎన్ని ఆటోలు మారి వచ్చారు అని సాయంత్రం అడిగేవారు. ఇంత చదువు చదివి బెంచీ కాపలా కాయడమేమిటని నాకు ఒళ్లు మండేది. అదే ఊళ్లో సోనారిలో పెరిగినదాన్ని, పెద్దవాళ్లు తెలుగులో అడిగితే హిందీలో బదులిచ్చేదాన్ని. మనిషి తన జబ్బు ఏ భాషలో చెప్పుకుంటే ఆ భాషలోనే జవాబివ్వాలని అదీ మాన్పించారు.

ఆ రోజుల్లో మాకొచ్చిన రోగి అప్పన్నగారు గోల్‌మురి పేట మనిషి. రేకుల మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ట్రయల్‌లో చేరిన మూడో నెలలో నోరంతా పూసి అన్నం దిగడం మానేసింది. డాక్టరుగారు మందు మోతాదు తగ్గించినా తెరిపి లేదు. ఒక మంగళవారం వరండాలో నన్నాపి, "ట్రయల్ మీదెక్కినాక మజ్జిలో దిగితే మిషన్ పాడైపోద్ది కదా పాపా?" అన్నారు. మిల్లులో కొత్త యంత్రాన్ని నడిపి చూడడాన్ని కూడా ట్రయల్ అనే అంటారు. మందు మధ్యలో మానకూడదని ఆయన పొరబడ్డారని నాకు వెంటనే అర్థమైంది. ఆ నెల అప్పటికే ఇద్దరు మానేశారు. నేను వచ్చే మంగళవారం తప్పకుండా రమ్మని మాత్రం చెప్పాను. అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు.

ఈ సంగతి తెలివిగా సర్దేశాననే ధీమాతో నేనే సత్యవతిగారికి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టి స్కూటర్ తియ్యమన్నారు. మేం ఇంటికి వెళ్లేసరికి అప్పన్నగారు మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నారు.

"బాబాయ్, మీ మిల్లులో ట్రయల్ అయితే స్టాప్ బటన్ ఎవరికాడ ఉండీది?" అని అడిగారు సత్యవతిగారు.

"ఫోర్‌మేన్ కాడమ్మా. మాబోటోళ్లం ముట్టుకోకూడదు."

"ఇక్కడ ఫోర్‌మేన్‌వి నువ్వే. ఆపీమంటే ఆపీత్తాం. అలాగని డాట్రు బాబు నిన్ను సూడ్డం మానడు." తర్వాత నా వైపు తిరిగి, "ఆ రోజు సెప్పనిది నువ్వు సెప్పు," అన్నారు.

ముందు నోటికి హిందీ వచ్చింది. ఆగి, మళ్లీ తెలుగులో మొదలుపెట్టాను. ఆయన పొరబడ్డారని తెలిసీ ఊరుకున్నానని చెప్పాను. సిగ్గేసింది. ఆయన గంజి పక్కన పెట్టి, "అయితే ఆపీండి," అన్నారు.

తిరిగి రాగానే ఆవిడ ఫైలు తెరిచారు. జరిగింది జరిగినట్టు, నా పేరుతో సహా రాశారు. మందు ఆపేశాక కూడా అప్పన్నగారు పరీక్షలకు ఒక్క మంగళవారం తప్పలేదు. భయం లేదా అని అడిగితే, "బటన్ నాకాడే ఉన్నాది కదా," అనేవారు. మరుసటి వానాకాలంలో పోయారు. సత్యవతిగారు రిటైరై, కొన్నేళ్లకు ఆవిడా పోయారు.

ఈ ఉదయం ప్యాడ్ కొంచెం వెనక్కి జరిపి, ఇది మధ్యలో మానాలనిపిస్తే ఎవరిని అడగాలని ఆ పెద్దావిడని అడిగాను. డాక్టరుగారినంది. అంతకుముందే ఒకసారి అంగీకార పత్రం చదివి వినిపించాను. మళ్లీ మొదటినుంచి చెప్పాను: ఎప్పుడైనా మానొచ్చు, అసలు చేరకపోయినా ఫరవాలేదు, వైద్యం మాత్రం ఆగదు అని. ఆవిడ చాచిన వేలు మెల్లగా మడుచుకుంది.

"అలాగైతే నాకొద్దు పాపా. కాదంటే సూడరేమోనని ఒప్పుకున్నాను."

డాక్టరుగారిని మళ్లీ ఎప్పుడు కలవాలో ఆవిడ చీటీ మీద రాసిచ్చి, ప్యాడ్ మూత పెట్టేశాను. మా లెక్కలో ఈ నెల ఒకరు తగ్గారు. కొంచెం బాధేసింది. సిగ్గు మాత్రం వేయలేదు.