సూదాకుల కారు

మా కారు చలిదేశంలో పుట్టింది. అందుకే దానికి ఏసీ లేదు. కువైట్‌లో సబ్హాన్ అనే చోట నా భర్త పనిచేసే గరాజు వాళ్లు జర్మనీలో పాత కార్లు కొని, రోడ్డు మీదే తెప్పించేవారు. తోలుకొచ్చేది ఆయనే. ఆస్ట్రియా, యుగోస్లావియా, బల్గేరియా, టర్కీ, ఇరాక్... బడికి సరిగా పోని నేను కూడా ఆ పేర్లన్నీ మా ఊరి బస్సు ఆగే చోట్లలా వరసగా అప్పజెప్పేదాన్ని.

ఈ ఆకాశపు రంగు కారు ఎన్నాళ్లు పెట్టినా అమ్ముడుపోలేదు. "ఈ తందూరును ఎవడు కొంటాడు? నువ్వే తీసుకో" అని యజమాని తాళాలు ఆయన చేతిలో పెట్టేశాడు. గరాజులో రంగులు వేసే రాయచోటి భాయి దాన్ని చూసినప్పుడల్లా ఒకటే మాట: "మామా, కోడికి మసాలా పట్టిచ్చి ఎనక సీట్లో పెట్టు. ఇంటికి పొయ్యేలోగా ఉడుకుతాది."

నాకు మాత్రం ఆ కారంటే ప్రాణం. ఫ్యాను తిప్పితే గాలితోపాటు సూదుల్లాంటి ఎండుటాకులు ఒకటీ అరా ఎగిరొచ్చి ఒళ్లో పడేవి. ఆస్ట్రియా సరిహద్దులో కాగితాలు చూసేదాకా ఏవో పెద్ద చెట్ల కింద ఆపించారట; అప్పుడు గాలి గొట్టంలోకి దూరినవి. నలిపితే తడి అడవి వాసన. సెలవు రోజు సాయంత్రాలు సముద్రం ఒడ్డున కారాపితే, కళ్లు మూసుకుని ఆ వాసన చూస్తూ ఆయన కబుర్లు వినేదాన్ని. బయట ఉక్కపోత. లోపల నా మీద సన్నగా వాన కురుస్తున్నట్టుండేది.

"సరిహద్దుల్లో బయమెయ్యదా?" అని అడిగాను ఒకసారి.

"ఏస్తాది మే. అందుకే కారు ఆపంగానే దిగి అద్దం తుడుస్తా. ఊరికే నిలబడినోన్ని అనుమానంగా సూస్తారు. పని చేసుకునేటోన్ని ఎవురు పట్టుకుంటారు?"

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. నాకప్పుడు ఆరో నెల. నేను వంట చేసే ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోయారు. గరాజు మూతబడింది. మంచి కారు కనబడితే సైనికులు మనుషుల్ని దింపేసి తీసుకుపోతున్నారు. ఇరాక్ దాటి జోర్డాన్ చేరితే విమానం దొరుకుతుందని అందరూ బస్సుల మీద ఎగబడుతుంటే, ఆ తోపులాటలోకి కడుపుతో ఉన్న నన్ను తోయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇక మాకున్నదల్లా ఆ కారు. అది పోతే ఇసుకలో నిలబడాల్సిందే. నీళ్ల డబ్బాలు, రొట్టెలు పెట్టుకుని, భాయిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒక ఉదయం బయలుదేరాం.

ఊరు దాటకముందే ఒక మీసాల సైనికుడు ఆపాడు. మా ఆయన దిగి, అలవాటుగా అద్దం తుడవసాగాడు. సైనికుడు వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. వెనక సీట్లో నేను పొట్ట మీద చెయ్యేసుకుని బిగుసుకుపోయాను. అతను సంబరంగా ఫ్యాను మీట చివరిదాకా తిప్పాడు. పొయ్యి ఊదినట్టు వేడిగాలి, దాంతోపాటు గుప్పెడు సూదాకులు! కొన్ని పోయి అతని మీసాల్లో చిక్కుకున్నాయి.

"ఏసీ?" అన్నాడు.

"లేదు సార్" అన్నాడు భాయి అరబ్బీలో, ఏడుపు మొహం పెట్టి.

"కువైట్‌లో ఏసీ లేని కారా! మీకేమన్నా పిచ్చా?" అతను పడిపడి నవ్వి, మీసం దులుపుకుంటూ దిగాడు. "యల్లా, పోండి!"

కాస్త దూరం పోయాక భాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంగ నీ తందూరును ఒక్క మాటంటే ఒట్టు మామా."

ఆ తర్వాత ఇరాక్ అంతా నాకు నిద్రలో చూసినట్టే గుర్తు. తల మీద తడిగుడ్డ, కిటికీ పక్కన ఖర్జూరపు తోటలు, ఆ పైన ఏమీ లేని నేల. దూరాన ఎండమావుల్లో ఆస్ట్రియా చెట్లు తలకిందులుగా నిలబడినట్టుండేవి. కడుపులో బిడ్డ కదిలితే "మెల్లగా పోనీయయ్యా" అనేదాన్ని. "ఆగస్టు పొయ్యిలో ఇంతకన్నా మెల్లగా ఎట్ల పోయేది మే" అనేవాడు, అంటూనే నెమ్మదించేవాడు.

జోర్డాన్ సరిహద్దులో అధికారి మమ్మల్ని పోనిస్తానన్నాడు. కారును మాత్రం కాదు, దాని కాగితాలు చాలవట. మాలాంటివాళ్లు వదిలేసిన కార్లు ఇసుకలో బారులు తీరి ఉన్నాయి, అద్దాల నిండా దుమ్ముతో.

ఆయన కారును వరస చివర ఆపి, తాగడానికి మిగిలిన నీళ్లలో కాసిని గుడ్డ మీద పోసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"ఇడిసిపెట్టి పొయ్యేదానికి ఏంటికి మామా?" అన్నాడు భాయి.

"సరిహద్దు కదప్పా" అన్నాడాయన. తాళాలు లోపలే ఉంచేశాడు.

నన్ను జోర్డాన్‌లోకి పోయే లారీ ఎక్కించి పక్కన కూర్చున్నాడు గానీ, వెనక్కి చూడలేదు. నేనే చూశాను. మట్టికొట్టుకుపోయిన ఆ బారులో మా కారు అద్దం ఒక్కటే ఎండకు మెరుస్తోంది. అది కనబడినంతసేపూ "ఉంది, ఇంకా ఉంది" అని ఆయనకు చెబుతూనే ఉన్నాను.