వాన లేని ఆట

పుంగనూరులో సగం మందికి యమున ఆడింది షటిలో టెన్నిసో ఈనాటికీ తేలలేదు. పోనీయండి. ఏళ్ల తరబడి దేశాలు తిరిగి టెన్నిస్ ఆడి, మోకాలు అరిగాక ఇంటికొచ్చి, ఇప్పుడు మదనపల్లె, కుప్పం పిల్లలకు ఆట నేర్పుతున్న ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరుంటే చూపించండి!

ఆమె ఆట పుట్టింది ఇంటి వెనకాలే. మదనపల్లెలో ఒక క్లబ్బు కోర్టును చూసుకునే నాన్న కొండప్ప, పెరడు చదును చేసి, దిమ్మిస కొట్టి, సున్నంతో గీతలు గీశాడు. అమ్మ నారాయణమ్మ సణుక్కుంటూనే రోజూ పేడతో అలికేది. అలికిన నేల మీద బంతి పైకి లేవదు, జారిపోతుంది. దాన్ని అందుకోవడానికి యమున మోకాలు నేలకు ఆనేంతగా వంగేది. వంగి వంగి అదే ఆమె ఆటయింది.

ఆ ఆటతోనే ఒకసారి బల్గేరియాలో, అక్కడ పేరున్న రాలిత్సా అనే ఆటగత్తెను సొంతూళ్లోనే ఓడించింది. ఎర్రమట్టి మీద బంతి భుజాల దాకా లేవడంతో మొదటి సెట్టు పోయింది. తర్వాత తుంపర పడింది. మట్టి తడిసి, బంతి బరువెక్కి, కిందికే ఉండిపోయింది. ఇక యమునను పట్టేవాళ్లు లేకపోయారు. మర్నాడు అక్కడి పేపర్లో రాలిత్సా మాట: "నన్ను ఓడించింది వాన."

యమున ఆడినన్నాళ్లలో అదే పెద్ద గెలుపు. అది కూడా వానదేనా? ఆట మానేశాక కూడా ఆ అనుమానం ఆమెను వదల్లేదు.

మొన్న ఎండాకాలంలో రాలిత్సా దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. తనూ రిటైరైందట, పనిమీద బెంగళూరు వచ్చిందట. "మీ ఊరొస్తాను. ఎండలో ఒక సెట్టు ఆడదామా?" అంది. యమున రమ్మనే రాసింది, భయపడుతూనే. ఇప్పుడు ఓడితే ఆ పాత గెలుపూ చేజారినట్టే.

రాలిత్సా వచ్చే రోజు పొద్దున పెరట్లోకి వెళ్లి నిర్ఘాంతపోయింది. కోర్టు నిండా మెలికల ముగ్గు! ఏది ముగ్గో, ఏది గీతో తెలిస్తే ఒట్టు.

"ఏందిమా ఇది? గీతలు యాడ కనపడతాయి?"

"యాల అరస్తాండావు? ఇన్నాళ్లూ మీ నాయన ముగ్గెయ్యనీలేదని ఊరకుంటి. పరదేశం నుంచి మనిషి వస్తాంటే, అలికిన నేలను బోడిగా ఇడుస్తారా ఎవరైనా?"

రాలిత్సా వచ్చి, ముగ్గును ఫోన్లో ఫొటోలు తీసుకుని, చెరపొద్దంటే చెరపొద్దంది. బంతి పడిన చోట పిండి చెదురుతుంది కాబట్టి, దగ్గరికెళ్లి ఆ గుర్తు చూసి తేల్చుకుందామంది. ఎర్రమట్టి మీద పెరిగిన మనిషికి అది అలవాటే.

ఎండ నడినెత్తికెక్కింది. మొదట్లో బంతి కాళ్ల కింద నుంచి జారిపోతుంటే రాలిత్సా తెల్లబోయింది, కానీ గట్టి మనిషి, తొందరగానే వంగడం నేర్చింది. ఇద్దరూ ఎక్కడా తగ్గలేదు. సెట్టు ఆఖరి బంతికి యమున మోకాలు సలుపుతున్నా నేల దాకా వంగి, కోసినట్టు కొట్టింది. బంతి అవతలి మూల పడింది. అక్కణ్నుంచి ఆమెకు కనబడే దూరం కాదు.

రాలిత్సా వెళ్లి, గొంతుకూర్చుని, చెదిరిన పిండిని చాలాసేపు చూసింది. బయట పడిందంటే కాదనేవాళ్లు లేరు.

"గీత మీదే పడింది. సెట్టు నీది," అంది. అలాగే తల ఎత్తి, మబ్బు తునక కూడా లేని ఆకాశాన్ని చూసి, ఇంగ్లీషులో ఇంకో మాటంది. యమున కళ్లు తుడుచుకుంది.

మజ్జిగ చెంబుతో వచ్చిన నారాయణమ్మ కంగారుపడింది. "ఏమంటాండాది ఆ యమ్మ? ముగ్గు గురించి ఏమన్నా అనిందా?"

"లేదుమా. ఆ పొద్దు గెలిచింది వాన కాదంట. నేనేనంట."

నారాయణమ్మ చెంబు రాలిత్సా చేతిలో పెట్టింది.

"దినామూ అలికినదాన్ని, నాకు తెలీదా? ఈ మాట చెప్పేదానికి పాపం ఎంత దూరం వచ్చిందో సూడు."