నొప్పి పదిలో ఎంత?

రిటైరైన రెండో ఏడు నా కడుపు నా మీద పగబట్టింది. పొద్దున్నే నాలుగుసార్లు పరుగు. ఏది తిన్నా పొట్ట బిగిసిపోయేది. పవర్ హౌస్ మార్కెట్‌కి వెళ్ళాలంటే ఆటో ఎక్కడానికి భయం. స్కానింగుల్లో మాత్రం ఏమీ లేదన్నారు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేసినవాణ్ణి, పిడికెడు పేగుల దగ్గర ఓడిపోయాను. అయ్యో అనడానికి ఇంట్లో మనిషి కూడా లేదు. నా భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. పిల్లలు లేరు.

ఆసుపత్రిలో డాక్టరు తమ పరిశోధనలో చేరమన్నారు. ఎనిమిది వారాలు పాలు, గోధుమరొట్టె, ఉల్లి, వెల్లుల్లి బంద్. ప్రతి గురువారం పదకొండింటికి, పరిశోధన చేసే అమ్మాయి ఫోన్ చేసి వివరాలు రాసుకుంటుంది. మనవాళ్ళ పిల్లే, తాతది పార్వతీపురం. పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్ళోనే కాబట్టి తెలుగును హిందీలో నానబెట్టి మాట్లాడేది.

"అంకుల్, ఈ హఫ్తా నొప్పి పదిలో ఎంత?"

"ఏడుందమ్మా."

"అరే! ఎప్పుడొచ్చింది? ఏం తిన్నారు? వంట ఎవరు చేశారు? నిద్ర పట్టిందా?"

ఇరవై నిమిషాలు పట్టింది. నిద్ర పట్టిందా అని నన్ను అడిగిన మనిషి ఆ ఏడాదిలో ఆ పిల్ల ఒక్కతే.

మూడో వారానికి నొప్పి మాయం. "సున్నా తల్లీ, తగ్గిపోనాది!" అన్నాను ఉత్సాహంగా.

"అరె వా! అయితే బాకీ ప్రశ్నలు అక్కర్లేదు అంకుల్. బై."

నొప్పి నాలుగు కన్నా తక్కువైతే మిగతా ప్రశ్నలు అడగరట. గడియారం చూస్తే పదకొండు దాటి ఒక్క నిమిషం. భోజనం వేళ దాకా ఏం చెయ్యాలో తోచలేదు.

నాలుగో వారం మళ్ళీ "ఏడు" అన్నాను. సిగ్గులేని ముసలాణ్ణి, లేని నొప్పి ఎడమవైపా కుడివైపా అన్నది కూడా చెప్పాను. అలా నాలుగు వారాలు లాక్కొచ్చాను.

ఎనిమిదో వారం ఆ అమ్మాయి గొంతు మారింది. "నొప్పి తగ్గట్లేదని డాక్టర్ సార్‌కి ఫికర్‌గా ఉంది అంకుల్. మంగళవారం గొట్టం వేసి లోపల చూస్తారు. మత్తు ఇస్తారు కదా, వెంట ఒకరు ఉండాలి. ఎవరొస్తారు? పేరు రాసుకుంటా."

ఎంత వెతికినా చెప్పడానికి ఒక్క పేరు తట్టలేదు. పక్క క్వార్టర్ వాళ్ళ పేరు కూడా నాకు తెలీదు.

"ఏటీ వొద్దమ్మా. నొప్పి లేదు. మూడో వారం నుంచే లేదు. నువ్వు మాటాడతావని అలగ సెప్పీసినాను."

మెల్లగా అంది: "మీకు డైట్ పనిచెయ్యలేదని రాసేశాను అంకుల్. ఇప్పుడు మీ కాగితాలన్నీ తీసెయ్యాలి. నా మెహనత్ అంతా..." తిట్టినా బాగుండేది. ఛీ, చదువుకునే పిల్ల కష్టాన్ని బూడిదపాలు చేశాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాత ఏ గురువారమూ ఫోన్ మోగలేదు. ఒక్కడి కోసం ఈ పథ్యాలేమిటని పాలూ రొట్టే మళ్ళీ మొదలుపెట్టాను. నెల తిరక్కుండా నొప్పి తిరిగొచ్చింది. రెండు రోజులు ఓర్చుకుని నేనే ఫోన్ చేశాను.

"ఈసారి సచ్చీ నొప్పేనా, అంకుల్?" అంది. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగింది.

"నిజమేనమ్మా."

"పదిలో ఎంత?"

ఏడు నాలుక చివరిదాకా వచ్చింది. ఇరవై నిమిషాలు మాట్లాడుతుంది.

"మూడు," అన్నాను, ఉన్నది ఉన్నట్టు.

"మూడేనా? అయితే పాలు, రొట్టె మానెయ్యండి, తగ్గిపోతుంది," అని ఫోన్ పెట్టేసింది.